కలం ఆగినప్పుడు



తెలుగు తరగతిలో ఉపాధ్యాయులు ఒక శీర్షిక ఇచ్చి పది వాక్యాలు వ్రాయమంటారు. మీరు పుస్తకం తెరుస్తారు, తేదీ వేస్తారు, శీర్షిక వ్రాసి దాని కింద అందంగా గీత గీస్తారు. ఆ తరువాత కలం కదలదు. పక్కన కూర్చున్న స్నేహితుడు అరపేజీ నింపినట్లు కనిపిస్తుంది. గడియారం ముందుకు పోతుంది, కాగితం మాత్రం తెల్లగానే ఉంటుంది. అప్పుడు చాలామంది “నాకు తెలుగు రాదు” అని తమలో తాము నిశ్చయించుకుంటారు.

ఆ నిశ్చయం తొందరపాటు. ఇంటికి వెళ్ళగానే అమ్మతో ఆగకుండా పది నిమిషాలు తెలుగులో మాట్లాడగల పిల్లవాడికి తెలుగు రాదని ఎలా అనగలం? నోటికి వచ్చిన భాష చేతికి ఎందుకు రావడం లేదన్నదే అసలు ప్రశ్న. కలం ఎందుకు ఆగుతుందో, ఆగిన కలాన్ని ఎలా కదిలించాలో, కదిలిన కలం మళ్ళీ మూలపడకుండా వ్రాతను ఎలా అలవాటు చేసుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

కలం ఎందుకు ఆగుతుంది?

వ్రాయడం చూడటానికి ఒకే పనిలా కనిపిస్తుంది. నిజానికి అందులో మూడు పనులు కలసి ఉన్నాయి.

మొదటిది ఆలోచన. ఏ సంగతి చెప్పాలి? ఏది ముందు, ఏది వెనుక?

రెండవది మాట. ఆ సంగతికి తగిన తెలుగు మాట ఏది? మలేషియాలో పెరుగుతున్న మీకు ఈ పని మరింత కష్టం. వారమంతా బడిలో మలయ్, ఇంగ్లీషు భాషల్లో చదువుతారు. కొందరు తమిళమో చీనీయో కూడా నేర్చుకుంటారు. అందువల్ల ఒక వస్తువు కంటబడగానే మూడు భాషల మాటలు ఒకేసారి మనసులోకి వస్తాయి. కావలసిన తెలుగు మాట మాత్రం వెనుక వరుసలో నిలబడి ఉంటుంది.

మూడవది అక్షరం. ‘పళ్ళెం’ అన్న మాటలో ‘ళ’ వ్రాయాలా, ‘ల’ వ్రాయాలా? ‘శనగలు’ అన్నప్పుడు ‘శ’ యా, ‘స’ యా? ఈ ఒత్తు ఏ అక్షరం కింద రావాలి?

అనుభవం ఉన్నవారు ఈ మూడు పనులనూ ఒకేసారి చేయగలరు. నేర్చుకునేవారు అలా చేయబోతే మూడూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. మంచి ఆలోచన ఒకటి వస్తుంది. దానికి మాట కోసం వెతుకుతారు. మాట దొరికేలోగా ఆలోచన జారిపోతుంది. మాట దొరికినా ఒత్తు దగ్గర సందేహం కలుగుతుంది. ఆ సందేహం తీరేసరికి వాక్యం ఎటు పోతున్నదో మరచిపోతారు. ఒకే గుమ్మంలోంచి ముగ్గురు ఒక్కసారిగా దూరబోతే ఎవరూ లోపలికి పోలేరు. కలం ఆగడానికి ముఖ్యమైన కారణం ఇదే.

వీటికి తోడు భయం కూడా ఉన్నది. ఎర్ర సిరా గుర్తులు పడతాయేమో, ఎవరైనా నవ్వుతారేమో అన్న భయం వల్ల చాలామంది తప్పులేని వాక్యం మనసులో సిద్ధమయ్యేవరకు కలం కదపరు. అట్టి వాక్యం మనసులో ఎన్నడూ సిద్ధం కాదు. అది కాగితం మీదనే, దిద్దుతూ ఉంటే సిద్ధమవుతుంది.

మహాకవులకూ తప్పలేదు

వ్రాత నిలిచిపోవడం మీకు మాత్రమే వచ్చిన కష్టమని అనుకోకండి. మన భాషలో అత్యంత ప్రసిద్ధమైన ఐతిహ్యాలలో ఒకటి దీని గురించినదే.

పదిహేనవ శతాబ్దానికి చెందిన బమ్మెర పోతన భాగవతాన్ని తెలుగు చేస్తున్నాడు. గజేంద్రమోక్షం అన్న ఘట్టం వచ్చింది. మొసలి నోట చిక్కిన ఏనుగు మొరపెట్టుకుంటున్నది. ఆ సమయంలో విష్ణువు వైకుంఠంలో ఎక్కడ, ఏ విధంగా ఉన్నాడో వర్ణించవలసి వచ్చింది. పద్యం ఆరంభమైంది కాని ముందుకు సాగలేదు. పోతన తాటాకులనూ గంటాన్నీ అక్కడే ఉంచి, లేచి బయటకు వెళ్ళాడట. తిరిగి వచ్చి చూసేసరికి పద్యం పూర్తయి ఉన్నదట. శ్రీరాముడే పోతన రూపంలో వచ్చి దానిని పూరించాడని తెలుగువారు తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

మీ వ్యాసాన్ని పూరించడానికి అలా ఎవరో వస్తారని ఎదురుచూడకండి. కాని ఆ కథలో మనం నేర్చుకోదగిన సంగతి ఒకటి ఉన్నది. వ్రాత ఆగినప్పుడు పోతన గంటం పట్టుకుని అక్కడే దిగులుగా కూర్చోలేదు. లేచాడు, వెళ్ళాడు, మళ్ళీ తన తాటాకుల దగ్గరకు వచ్చాడు. మీరు కూడా ఆగిపోయినప్పుడు లేచి మంచినీళ్ళు తాగండి, నాలుగు అడుగులు నడవండి. అయితే పది నిమిషాలలో తప్పక తిరిగి రండి. లేవడం ఎంత అవసరమో, తిరిగి రావడం అంతకన్న అవసరం.

మరొక ఉదాహరణ చరిత్రలోనిదే. మహాభారతాన్ని తెలుగులో చెప్పడం పదకొండవ శతాబ్దంలో నన్నయ ఆరంభించాడు. ఆది, సభా పర్వాలు పూర్తిచేసి, అరణ్యపర్వంలో కొంతవరకు వ్రాశాడు. అక్కడితో రచన నిలిచిపోయింది. దాదాపు రెండు వందల సంవత్సరాల తరువాత, పదమూడవ శతాబ్దంలో, తిక్కన ఆ పనికి పూనుకున్నాడు. నన్నయ ఆపిన చోటునుండి ఆయన ఆరంభించలేదు. ఆ మిగిలిన భాగాన్ని అలాగే విడిచి, తరువాతిదైన విరాటపర్వంతో మొదలుపెట్టి పదిహేను పర్వాలు పూర్తిచేశాడు. అరణ్యపర్వంలో మిగిలిన భాగాన్ని పద్నాలుగవ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు.

దీనిలోని పాఠం చాలా సులువైనది. మొదటినుండే వ్రాయాలన్న నియమం లేదు. మొదటి వాక్యం రాకపోతే రెండవదానితో మొదలుపెట్టండి. పండుగను గురించి వ్రాయాలి, ఆరంభం తోచడం లేదు. కాని సాయంత్రం తమ్ముడు కొత్త చొక్కా మీద పాయసం ఒలకబోసుకున్న సంగతి బాగా గుర్తున్నది. అయితే ముందు దానినే వ్రాయండి. పైన నాలుగు గీతలు ఖాళీగా వదలండి. ఆరంభ వాక్యం తరువాత వచ్చి తన చోటులో తాను కూర్చుంటుంది.

మూడు పనులు, మూడు విడతలు

ఇప్పుడు అసలు ఉపాయానికి వద్దాం. ఒకేసారి చేయలేని మూడు పనులను మూడు విడతలుగా చేయాలి.

మొదటి విడతలో ఆలోచనకు మాత్రమే చోటు ఇవ్వండి. చెప్పదలచిన సంగతులను వరుసగా వ్రాసుకుంటూ పొండి. తెలుగు మాట తెలియని చోట ఒక గీత గీసి ముందుకు సాగండి. కావాలంటే మలయ్ మాటనే తెలుగు అక్షరాలలో వ్రాయండి. అక్షరం మీద సందేహం కలిగితే దాని కింద చిన్న చుక్క పెట్టండి. రబ్బరుతో చెరపడం ఈ విడతలో నిషేధం.

రెండవ విడతలో గీతలు గీసిన చోట్లకు మాటలు వెతకండి. ముందుగా అమ్మనో, నాన్ననో, తాతయ్యనో, నాయనమ్మనో అడగండి. ఆ తరువాత నిఘంటువు చూడండి. వాక్యమంతా ఫోనుకు అప్పగించి అనువాదం చేయించకండి. అది ఇచ్చే మాట ఒక్కొక్కసారి సరైనదే కావచ్చు, కాని ఆ వాక్యం మీది కాదు. అటువంటి వాక్యాలు వందైనా, రేపు మీ కలం ఇవాళ ఆగినచోటే ఆగుతుంది.

మూడవ విడతలో చుక్కలు పెట్టిన అక్షరాలను సరిచూసి, గుణింతాలు, ఒత్తులు దిద్దుకోండి. ఆ పైన శుభ్రంగా తిరిగి వ్రాయండి.

ఒక ఉదాహరణ చూద్దాం. ‘మా ఊరి సంత’ అన్న శీర్షిక ఇచ్చారనుకోండి. ఒక విద్యార్థి మొదటి విడతలో ఇలా వ్రాయవచ్చు:

“నిన్న పసార్ మాలంకి పోయాము. నాన్న నేను చెల్లి. చాలా జనం. ఒక తాత అపామ్ బాలిక్ చేస్తున్నాడు. వేడి ______ మీద పిండి పోస్తాడు. పైన వేరుశనగ పొడి చక్కెర. తరువాత రెండుగా ______. మంచి వాసన. చెల్లి ఏడ్చింది. నాన్న కొన్నాడు. నాలుక కాలింది.”

దీనిని చూసి సిగ్గుపడవలసినది ఏమీ లేదు. వాక్యాలు పొట్టిగా ఉన్నాయి, రెండు చోట్ల ఖాళీలు ఉన్నాయి, మలయ్ మాటలు ఉన్నాయి. అయినా జరిగిన సంగతి అంతా కాగితం మీదకు వచ్చింది. ఇక అది ఎక్కడికీ జారిపోదు. ఇంటికి వెళ్ళి అమ్మను అడిగితే మొదటి ఖాళీకి ‘పెనం’, రెండవ ఖాళీకి ‘మడతపెట్టడం’ అన్న మాటలు దొరికాయి. పసార్ మాలం అంటే రాత్రి సంత అని తనకే తోచింది. అప్పుడు అదే సంగతి ఇలా రూపుకట్టింది:

“నిన్న సాయంత్రం నాన్నగారితో కలసి నేను, చెల్లి రాత్రి సంతకు వెళ్ళాము. అక్కడ జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక తాతగారు అపామ్ బాలిక్ చేస్తున్నారు. అది మన అట్టు వంటిదే. వేడి పెనం మీద పిండి పోసి, దానిపై వేరుశనగల పొడి, చక్కెర చల్లారు. అంచులు ఎర్రబడగానే రెండుగా మడతపెట్టారు. ఆ వాసనకు చెల్లి ఆగలేక ఏడుపు మొదలుపెట్టింది. నాన్నగారు ఒకటి కొన్నారు. నాలుక కాలుతున్నా మేము తినడం ఆపలేదు.”

రెండింటినీ పోల్చి చూడండి. సంగతి మారలేదు. ‘అపామ్ బాలిక్’ అన్న పేరు కూడా మారలేదు. ఆ వంటకం ఈ దేశానిది, దాని పేరు దానికే ఉండాలి. ఇడ్లీని ఏ దేశంలోనైనా ఇడ్లీ అనే అంటారు కదా! ‘అది మన అట్టు వంటిదే’ అన్న ఒక్క వాక్యం చేర్చడం వల్ల ఈ దేశం ఎన్నడూ చూడని పాఠకుడికి కూడా ఆ వంటకం కళ్ళకు కట్టింది.

“ఇల్లు అలకగానే పండుగ కాదు” అని మన సామెత. నిజమే. మొదటి విడత ఇల్లు అలకడం వంటిది. అది పండుగ కాదు గాని, అది లేకుండా పండుగ రాదు.

మాట్లాడే తెలుగే మూలధనం

కొందరు విద్యార్థులు ఇంట్లో చక్కగా మాట్లాడుతారు. కలం పట్టగానే ఎవరూ మాట్లాడని పెద్ద పెద్ద మాటల కోసం వెతుకుతారు. అవి దొరకక ఆగిపోతారు.

ఈ సందర్భంలో గిడుగు వేంకట రామమూర్తిగారిని తలచుకోవాలి. ఆయన 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. ఆయన కాలంలో పాఠశాల పిల్లలు కూడా జనం మాట్లాడని పాత గ్రాంథిక భాషలోనే వ్రాయవలసి వచ్చేది. జనం వాడుకలో ఉన్న భాషలోనే చదువు సాగాలని, రచనలు చేయాలని ఆయన దీర్ఘకాలం వాదించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్నప్పుడు సమీప కొండలలోని సవరల భాషను కూడా శ్రమించి నేర్చుకున్నారు. లిపి లేని ఆ భాషలో పుస్తకాలు వ్రాశారు, దానికి నిఘంటువు కూర్చారు. ప్రతి సంవత్సరం ఆగస్టు 29న మనం జరుపుకునే తెలుగు భాషా దినోత్సవం ఆయన జన్మదినమే.

కాబట్టి కలం ఆగినప్పుడు ముందు నోరు తెరవండి. చెప్పదలచిన సంగతిని ఎదురుగా నాయనమ్మ ఉన్నట్లు భావించి పైకి చెప్పండి. చెప్పినదానిని చెప్పినట్లే వ్రాయండి. వాక్యాన్ని మెరుగుపరచడం తరువాతి పని. ఎవరికి చెబుతున్నారో తెలిస్తే ఏమి చెప్పాలో కూడా తెలుస్తుంది. ‘వానాకాలం’ అన్న శీర్షిక చూసి ఆగిపోయిన విద్యార్థి “నాయనమ్మా! నిన్న మా వీధిలో నీళ్ళు మోకాలి వరకు వచ్చాయి” అని సులువుగా మొదలుపెట్టగలడు.

తిరిగి వ్రాయడం చిన్నతనం కాదు

ఒకసారి వ్రాసినదానిని మళ్ళీ వ్రాయమంటే విద్యార్థులు దానిని శిక్షగా భావిస్తారు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ తెలుగు నాటకాలలో అగ్రగణ్యమైనది. అది 1892లో మొదటిసారి విజయనగరంలో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. ప్రదర్శన మెప్పు పొందింది, పుస్తకం వెలువడింది. ఆ పైన చేయవలసినది ఏమున్నదని ఎవరైనా అనుకుంటారు. గురజాడవారు అలా అనుకోలేదు. ఆ నాటకాన్ని ఎంతగానో పెంచి, మార్చి తిరిగి వ్రాశారు. 1909లో వెలువడిన ఆ రెండవ రూపమే నేడు మనం చదువుతున్న కన్యాశుల్కం.

అచ్చయిన పుస్తకాన్నే అంత పెద్ద రచయిత తిరిగి వ్రాసినప్పుడు, మనం నోటు పుస్తకంలోని పది వాక్యాలను ఇంకొకసారి వ్రాయడంలో చిన్నతనమేమున్నది? తిరిగి వ్రాయవచ్చునని తెలిసినవాడికి మొదటిసారి వ్రాయడానికి భయం ఉండదు.

రోజుకు ఐదు వాక్యాలు

ఒకనాడు ఆగిన కలాన్ని కదిలించడం ఒక పని. అది రోజూ కదిలేటట్లు చేయడం మరొక పని. సెలవులు మొదలుకాగానే కొత్త పుస్తకం కొని, మొదటిరోజు మూడు పేజీలు నింపి, నాలుగవరోజు దానిని అలమరలో పెట్టేవారిని మన పెద్దలు ‘ఆరంభశూరులు’ అంటారు. అలా కాకుండా ఉండటానికి ఐదు నియమాలు.

మొదటి నియమం: కొంచెమే వ్రాయండి. రోజుకు ఐదు వాక్యాలు చాలు. ఒంట్లో బాగాలేని రోజున కూడా చేయగలిగినంత చిన్నదిగా పని ఉండాలి. వారానికి ఐదు రోజులు, రోజుకు ఐదు వాక్యాల చొప్పున వ్రాస్తే వారానికి 25 వాక్యాలు. సంవత్సరానికి 52 వారాలు కనుక 1300 వాక్యాలు. వాక్యానికి ఒక గీత, పేజీకి 20 గీతలు అనుకుంటే అది 65 పేజీల పుస్తకం.

రెండవ నియమం: వేళ మార్చకండి. “ఖాళీ దొరికినప్పుడు వ్రాస్తాను” అన్నవారికి ఖాళీ దొరకదు. మీరు ఎలాగూ రోజూ చేసే ఒక పనికి దీనిని ముడిపెట్టండి. రాత్రి భోజనం చేసి కంచం కడిగిన వెంటనే పుస్తకం తెరవాలి అనుకోండి. కొన్నాళ్ళకు కంచం కడగడమే వ్రాతను గుర్తుచేస్తుంది.

మూడవ నియమం: పుస్తకం, కలం కంటికి కనిపించే చోట ఉంచండి. సంచి అడుగున ఉన్న పుస్తకాన్ని తీయాలంటేనే బద్ధకం కలుగుతుంది.

నాలుగవ నియమం: రేపటికి ఒక వాక్యం మిగల్చండి. అమ్మ పెరుగంతా వడ్డించేయదు. రేపటి పాలకు తోడు పెట్టడానికి ఒక చెంచాడు మిగులుస్తుంది. మీరు కూడా చెప్పదలచినదంతా ఒకే రోజున ఊడ్చిపెట్టకుండా, తరువాతి వాక్యం ఏదో తెలిసి ఉండగానే ఆపండి. పేజీ చివర దానిని ఒక్క మాటలో గుర్తుపెట్టుకోండి. మరునాడు తెల్లకాగితం ఎదుట ఏమీ తోచక కూర్చోవలసిన అవసరం ఉండదు.

ఐదవ నియమం: ఒకరోజు తప్పితే మరునాడు మామూలుగా ఐదు వాక్యాలే వ్రాయండి. నిన్నటి బాకీ తీర్చాలని పది వ్రాయబోకండి. అలా బాకీలు పెరిగితే నాలుగు రోజులు తప్పినవాడు ఇరవై ఐదు వాక్యాలకు భయపడి పుస్తకాన్నే వదిలేస్తాడు.

ఈ పుస్తకాన్ని ఎవరికీ దిద్దుబాటుకు ఇవ్వనవసరం లేదు. నెలకొకసారి మీకు నచ్చిన ఒక పేజీని ఎన్నుకుని, పైన చెప్పిన మూడు విడతలలో మెరుగుపరచి తరగతికి తీసుకురండి.

ఏమి వ్రాయాలి?

‘ఏమీ జరగలేదు’ అనిపించే రోజులు ఉంటాయి. పెద్ద శీర్షికలు కలాన్ని ఆపుతాయి, చిన్న ప్రశ్నలు దానిని కదిలిస్తాయి. ‘పండుగ’ అన్నది చాలా పెద్దది. ‘ఈసారి ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎవరింటి చెట్టునుండి తెచ్చారు?’ అన్నది చిన్నది. ‘నా కుటుంబం’ పెద్దది. ‘మా ఇంట్లో అందరికన్న ముందు ఎవరు నిద్రలేస్తారు, లేచి ఏం చేస్తారు?’ అన్నది చిన్నది. మొదటి వారానికి ఈ ప్రశ్నలు తీసుకోండి:

సోమవారం: ఇవాళ మీరు తిన్నవాటిలో ఒకదాని రుచి ఎలా ఉన్నది?

మంగళవారం: ఇవాళ విన్న ఒక శబ్దం. అది ఎక్కడినుండి వచ్చింది?

బుధవారం: మీ ఇంట్లో అన్నిటికన్న పాత వస్తువు ఏది? అది ఎవరిది?

గురువారం: బడికి వెళ్ళే దారిలో మీరు రోజూ చూసే ఒక మనిషి ఏం చేస్తూ ఉంటారు?

శుక్రవారం: తాతయ్యో, అమ్మమ్మో, నాయనమ్మో వాడే మాటలలో మీకు అర్థం తెలియనిది ఒకటి అడిగి వ్రాయండి.

శుక్రవారపు ప్రశ్నను తేలికగా తీసుకోకండి. దాని సంగతి చివరగా చెబుతాను.

ఎందుకు వ్రాయాలి?

మలేషియాలోని తెలుగువారిలో చాలామంది పూర్వులు పందొమ్మిదవ శతాబ్దం చివరినుండి ఇరవయ్యవ శతాబ్దం మొదటి భాగం వరకు విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాలనుండి ఓడలలో వచ్చినవారు. రబ్బరు తోటలలో, కొబ్బరి తోటలలో పనిచేశారు. పెరాక్ రాష్ట్రంలోని బాగన్ దాతో వంటి చోట్ల తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. తెల్లవారకముందే రబ్బరు చెట్లకు గాటు పెట్టడానికి వెళ్ళేవారికి కూర్చుని వ్రాసుకునే తీరిక ఎక్కడిది? వారిలో అనేకులకు అక్షరాలు నేర్చుకునే అవకాశమే కలగలేదు. తమ ఊరి మాటలను, పాటలను, పొడుపుకథలను నోటనే తెచ్చుకుని, నోటనే పిల్లలకు అందించారు.

నోట ఉన్నది విన్నవారి చెవిలో ఉన్నంతకాలమే ఉంటుంది. చేట, జల్లెడ, కవ్వం, రోకలి వంటి మాటలు మీ నాయనమ్మకు రోజువారీ మాటలు. మీ అమ్మకు తెలిసిన మాటలు. మీకు? ఆ మాటలను అడిగి తెలుసుకునే అవకాశం ఇప్పుడు ఉన్నది. ఎల్లకాలం ఉండదు. పెద్దలు ఉన్నప్పుడు అడగకపోతే, తరువాత ఏ నిఘంటువు తెరిచినా వారు ఆ మాటను ఏ సందర్భంలో, ఎలా నవ్వుతూ అన్నారో అందులో దొరకదు. మీ తాతయ్య చిన్నప్పుడు తోటలో ఏ పాట విన్నారో, ఏ చెట్టు కింద అన్నం తిన్నారో మీరు వ్రాయకపోతే మరెవరూ వ్రాయరు.

మీ పూర్వులలో ఎందరికో దొరకనివి రెండు మీకు దొరికాయి: అక్షరాలు, తీరిక. శుక్రవారం నాడు మీరు వ్రాసే ఐదు వాక్యాలు మీ కుటుంబంలో ఆ సంగతిని గురించి వ్రాసిన మొదటి ఐదు వాక్యాలు కావచ్చు. వాటిలో ఒక ఒత్తు తప్పినా, దానిని దిద్దుకోవచ్చు. వ్రాయనిదానిని దిద్దడం ఎవరి తరమూ కాదు.

పదాలు – అర్థాలు

ఐతిహ్యం: తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన కథ
గంటం: తాటాకుల మీద వ్రాసే ఇనుప కలం
ఘట్టం: కథలో ఒక భాగం
పూరించు: మిగిలినదానిని నింపు, పూర్తిచేయు
అగ్రగణ్యం: అన్నిటికన్న ముందు ఎన్నదగినది
తోడు: పాలు పెరుగు కావడానికి కలిపే కొద్ది పెరుగు
పూర్వులు: మనకు ముందు తరాలవారు

అభ్యాసాలు

1. కలం ఆగడానికి కారణమైన మూడు పనులు ఏవి? వాటిలో మీకు ఎక్కువ కష్టమైనది ఏది? మూడు వాక్యాలలో వ్రాయండి.

2. తిక్కన భారత రచనను ఏ పర్వంతో ఆరంభించాడు? దానినుండి మనం నేర్చుకోవలసినది ఏమిటి?

3. ‘ఆరంభశూరుడు’, ‘ఇల్లు అలకగానే పండుగ కాదు’: వీటిని సొంత వాక్యాలలో ప్రయోగించండి.

4. ‘బడి’, ‘వాన’, ‘స్నేహం’ అన్న పెద్ద శీర్షికలను ఒక్కొక్కదానిని రెండేసి చిన్న ప్రశ్నలుగా మార్చండి.

5. మీ ఇంటి దగ్గరి అంగడిని గురించి చెరపకుండా, ఆగకుండా ఐదు నిమిషాలు వ్రాయండి. తెలియని మాట వచ్చినచోట గీత గీయండి. ఇంటికి వెళ్ళి ఆ గీతలను నింపి, వచ్చే తరగతికి రెండు ప్రతులూ తీసుకురండి.

6. ఇంట్లో పెద్దవారిని అడిగి, మీరు ఇంతవరకు వినని ఒక తెలుగు మాటను తెలుసుకోండి. ఆ మాట, దాని అర్థం, అది ఎవరు చెప్పారు, ఏ పని చేస్తూ చెప్పారు అన్నవి ఐదు వాక్యాలలో వ్రాయండి.